లెక్కలో ఉంటారు, ఓటులో ఉండరు

మా వార్డులో ఇంటిపన్ను బకాయి ఉన్న ఇళ్ళు నూట పన్నెండు. వాటిలో తలుపు మీద ఎర్ర నోటీసు అంటించాల్సినవి తొమ్మిది. జిగురు డబ్బా పట్టుకుని వచ్చిన నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది మాత్రం ఆ తొమ్మిదిలో ఒక్క ఇల్లే. సున్నంబట్టీ వీధిలో, రిటైరైన నర్సు మోకా సువార్తమ్మ గారి ఇల్లు.

"కాస్త కిందకి అంటించు బాబూ. పైన రంగు పోద్ది. పోయినేడాది నోటీసు గీకితే చెక్కే ఊడొచ్చింది," అన్నారావిడ.

నేను వార్డు కార్యాలయంలో ప్రొబేషను మీద ఉన్న సహాయకుణ్ణి. పేరు గుర్రాల లోవరాజు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా నాన్న రైసు మిల్లులో బస్తాలు మోస్తాడు. నేను ఉద్యోగంలో చేరే రోజున ఒకే మాట చెప్పాడు. "బస్తా డెబ్బై కేజీలుంటే డెబ్బై అనే రాయాల్రా. మోసేవోడి మొహం చూసో, మోయించేవోడి మొహం చూసో రాయకూడదు." ఆ మాట ప్రకారమే ఇదంతా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నర్సమ్మ గారి బకాయి జరిమానాతో కలిపి నలభై ఆరు వేల మూడు వందలు. భర్త కిడ్నీ వైద్యానికి తెచ్చిన అప్పు కింద ఆవిడ పింఛనులో సగం నెలనెలా బ్యాంకు పట్టుకుంటుంది. ఆయన పోయి నాలుగేళ్ళయినా అప్పు పోలేదు. మిగతా సగంతో పాటు రెండు గదుల అద్దె ఆధారం. ముందు గదిలో దుగ్గిరాల వీరభద్రం గారు, బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి దిగిపోయినవారు. పక్క గదిలో జాకెట్లు కుట్టే నూకరత్నం. వెనక పెద్ద గదిలో నర్సమ్మ గారు, ఆసుపత్రి వేలంలో కొన్న ఇనుప మంచం. నెలాఖరులోగా పన్ను కట్టకపోతే కుళాయి కోస్తారు. తర్వాత ఇల్లు జప్తు.

సరిగ్గా ఆ వారమే సర్క్యులరు వచ్చింది. పై అధికారి ఎవరో ఏదో ఊరికి పర్యటనకు వెళ్ళారట. అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకే ఇంట్లో వండుకు తింటూ నవ్వుతూ ఉండడం చూసి చలించిపోయారట. సర్క్యులరులో మొదటి పేరా ఇది:

"పరస్పర బంధుత్వము లేని ముగ్గురు లేక అంతకు మించిన వ్యక్తులు ఒకే పొయ్యిపై వండుకొని జీవించుచున్న యెడల, సదరు గృహమును ఇకపై గృహముగా గాక సహనివాస సంస్థగా పరిగణించవలెను. అట్టి సంస్థకు ఇంటిపన్ను బకాయి యావత్తు మాఫీ చేయబడును."

కింద చేత్తో రాసిన మరో వాక్యం ఉంది. ప్రతి వార్డులోనూ కనీసం ఒక సంస్థ ఉండి తీరాలి. లేని వార్డు సహాయకుడి ప్రొబేషను పొడిగించబడును.

నేను మొదటి పేజీ రెండుసార్లు చదివాను. మిగతా ఐదు పేజీలు చదవలేదు. నేను చేసిన తప్పు అదే. ఇందులో నేను చేసిన తప్పు ఇంకేమైనా ఉందేమో పై అధికారులు విచారించి తేలుస్తామన్నారు.

సంతోషంగా సైకిలెక్కి సున్నంబట్టీ వీధికి పోయాను. నేను వెళ్ళేసరికి వంటింట్లో గొడవ జరుగుతోంది. గ్యాసు పొయ్యికి రెండు బర్నర్లున్నా వెలిగేది ఒకటే. దాని మీద భద్రం గారి వేణ్ణీళ్ళ గిన్నె ఉంది. నూకరత్నం చేతిలో కడిగిన మెత్తళ్ళ చిప్ప ఉంది.

"మీరు స్నానానికి కాసుకుంటారో, గొంతులో పోసుకోడానికి కాసుకుంటారో గానీ, గంట నుంచీ అదే గిన్నె," అంది నూకరత్నం.

"అమ్మాయ్, ఆ ఎండు చేపల కంపు నా తువ్వాలుకి పట్టి మూడు రోజులైంది. డిపోలో అయితే ఈపాటికి చార్జి మెమో ఇచ్చుందును," అన్నారు భద్రం గారు.

"డిపో మిమ్మల్ని దింపేసిందండి. ఈ గిన్నె కూడా దింపండి."

నర్సమ్మ గారు గుమ్మంలో ఖాళీ టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. "పొద్దున్న ఆరుకి పెట్టుకోవాల్సిన టీ బాబూ ఇది. ఇప్పుడు పదైంది," అన్నారు నాతో, ఎవరి మీదా ఫిర్యాదు లేనట్టు.

నేను సర్క్యులరు చదివి వినిపించాను. బకాయి మాఫీ అనగానే ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టేశారు.

"పొయ్యి లెక్కేంటయ్యా? మనుషుల్ని కదా లెక్కపెట్టాలి?"

"పొయ్యే లెక్కండి," అన్నాను. "మా నాన్నా మా పెదనాన్నా వేరు పడినప్పుడు కాగితాలేం రాసుకోలేదండి. మా అమ్మ పెరట్లో మూడు ఇటుకలు పెట్టి అన్నం వండేసింది. మర్నాడు వీఆర్వో గారు వచ్చి పొయ్యిలు చూసుకుని, రెండు కుటుంబాలని రాసుకుని, మాకు వేరే రేషను కార్డు ఇప్పించారు. పొయ్యి ఒకటైతే అంతా ఒకటి, వేరైతే వేరు."

"మీ అమ్మ తెలివైంది," అన్నారు నర్సమ్మ గారు.

దరఖాస్తు మీద ముగ్గురూ సంతకాలు పెట్టారు. బంధుత్వం లేదని రుజువు కావాలంటే భద్రం గారు, నూకరత్నం ఒకరినొకరు చూసుకుని, ఆ విషయంలో ఎంత పెద్ద కోర్టులోనైనా సాక్ష్యం చెబుతామన్నారు. ఇరవై రోజుల్లో మాఫీ ఉత్తర్వు వచ్చింది. నర్సమ్మ గారు దానికి అద్దం కట్టించి హాల్లో తగిలించారు. ఎర్ర నోటీసు నేనే తడిపి, రంగు పోకుండా ఊడదీశాను.

ఆ తర్వాత మా ప్రత్యేకాధికారి పట్టాభి గారు మిగతా ఐదు పేజీలు అమలు చేయమన్నారు.

రెండో పేజీ ప్రకారం సంస్థకు పాలకవర్గం ఉండాలి. ఎన్నికల అధికారిని నేనే. నర్సమ్మ గారు ఓటర్ల జాబితాలో తన పేరు లేదని అడిగారు. నేను పట్టాభి గారికి ఫోను చేశాను. ఆయన ఫోనులో కూడా ఫైల్లో రాసినట్టే మాట్లాడతారు.

"యజమానికి సంస్థ ఆస్తియందు స్వప్రయోజనము ఉండును గనుక ఓటుహక్కు ఇచ్చుట నైతికముగా ఉచితము కాదు."

"మరి ఆవిణ్ణి తీసేస్తే ఇద్దరే మిగుల్తారండి. ముగ్గురుండాలి కదండీ."

"లెక్కలో ఉంటారు, ఓటులో ఉండరు. రాసుకొనుము."

రాసుకున్నాను. ఇద్దరు ఓటర్లు, రెండు పదవులు. గొడవ జరుగుతుందేమోనని భయపడ్డాను గానీ, పదవి అనగానే ఇద్దరిలోనూ మర్యాద పుట్టుకొచ్చింది. భద్రం గారి పేరు నూకరత్నం ప్రతిపాదించింది. నూకరత్నం పేరు భద్రం గారు ప్రతిపాదించారు. ఆయన అధ్యక్షులు, ఆమె కార్యదర్శి. పోలింగు నూటికి నూరు శాతం. నర్సమ్మ గారు అందరికీ టీ ఇచ్చారు. ఆ పొయ్యి మీద ఆవిడ తనకిష్టమైన వేళలో పెట్టుకున్న ఆఖరి టీ అదే.

మొదటి సమావేశంలో మూడు తీర్మానాలు చేశారు. ఒకటి, అద్దె అనే మాట సంస్థ స్ఫూర్తికి విరుద్ధం గనుక రద్దు. ఇకపై నిర్వహణ చందా. మూడు వేలు ఉన్నది పన్నెండు వందలకు తగ్గింపు. భద్రం గారు అప్పటికే ఏడు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు. రద్దయిన మాటకు బకాయి ఉండదు కదా అని ఆయన వాదన. అది మినిట్సులో రాయలేదు, నాతో నోటిమాటగా చెప్పారు.

రెండోది పొయ్యి టైంటేబులు. అధ్యక్షుల వారి వేణ్ణీళ్ళు ఐదు నుంచి ఏడు. కార్యదర్శి వంట ఏడు నుంచి పదకొండు. మళ్ళీ అధ్యక్షులు, మళ్ళీ కార్యదర్శి. ఓటు లేని సభ్యురాలికి మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడు. భద్రం గారు ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి, డిపో గోడ మీద బస్సుల వేళలు అంటించినట్టు వంటింటి తలుపుకి అంటించారు.

"మరి నా పొద్దుటి టీ?" అన్నారు నర్సమ్మ గారు.

"టీ అజెండాలో లేదండి సిస్టరు గారూ. వచ్చే సమావేశంలో పెడదాం," అన్నారు భద్రం గారు ఎంతో గౌరవంగా. "మీరు లిఖితపూర్వకంగా ఇవ్వాలి మరి."

మూడోది గది. ప్రతి సంస్థకూ పది అడుగులు పన్నెండు అడుగుల కార్యాలయ గది ఉండి తీరాలని మూడో పేజీ. టేపు పెట్టి కొలిచింది నేనే. భద్రం గారి గది పది, పది. నూకరత్నం గది తొమ్మిది, పదకొండు. నర్సమ్మ గారిది సరిగ్గా పది, పన్నెండు. ఒక్క అంగుళం తక్కువొచ్చినా బాగుండునని మళ్ళీ కొలిచాను. పది, పన్నెండే వచ్చింది. అలాగే రాశాను.

ఆవిడ ఇనుప మంచాన్ని వసారాలోకి మోసింది నేనూ, నూకరత్నమూ.

"నేనేం చెయ్యనండి నర్సమ్మ గారూ, తీర్మానం కదా," అంది నూకరత్నం, మంచం కోడు పట్టుకుని. ఆ సాయంత్రానికి ఆమె కుట్టు మిషను కార్యాలయ గదిలోకి వెళ్ళింది. కార్యదర్శి కార్యాలయంలోనే కూర్చోవాలి కదా. అక్కడ వెలుతురు కూడా బాగుంటుంది.

రెండు నెలలకు పట్టాభి గారు తనిఖీకి వచ్చారు. పేరు పలక, సలహాల పెట్టె, ఇసక బక్కెట్టు, హాజరు పట్టీ అన్నీ చూసి తల పంకించారు. సలహాల పెట్టె తెరిపించారు. అందులో పన్నెండు చీటీలు ఉన్నాయి. పన్నెండూ నర్సమ్మ గారి చేతిరాతే. పన్నెండింటి మీదా ఒకే సలహా: పొద్దున్న ఆరు గంటలకు టీ.

"ఒకే విషయమై పునరుక్తి. పరిగణనార్హము కాదు," అన్నారాయన. తర్వాత వసారాలో మంచం చూసి ఆగిపోయారు.

"ఈ శయ్య ఎవరిది?"

"నాదేనండి," అన్నారు నర్సమ్మ గారు.

"తమరు?"

"ఇంటి యజమానురాలు అండి," అన్నాను నేను.

"ఇది ఇల్లు కాదు కదా. లేని ఇంటికి యజమాని ఎట్లుండును?"

"స్థలానికి యజమాని అండి."

"స్థల యజమాని సంస్థయందు రేయింబవళ్ళు మకాముండుట ఏ నిబంధన ప్రకారము? ప్రవేశ దరఖాస్తు పెట్టుకొన్నారా?"

ఆయన బ్యాగులోంచి ఫారం తీసి ఇచ్చారు. నర్సమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని, నేను చెబుతుంటే నింపారు. తొమ్మిదో గడి దగ్గర ఆగాం. సొంత ఇల్లు కలదా, లేదా?

"కలదు అని రాయవలెను," అన్నారు పట్టాభి గారు.

"ఏ ఇల్లండీ?" అన్నారావిడ.

"ఇదే."

"ఇది ఇల్లు కాదన్నారు గదండీ ఇందాక."

"పన్ను నిమిత్తము ఇల్లు కాదు. ప్రవేశము నిమిత్తము ఇల్లే. సొంత ఇల్లు కలవారు ప్రవేశమునకు అనర్హులు." ఆయన ఫారం మీద అక్కడికక్కడే అడ్డంగా గీత గీశారు.

"మరి ఆవిడ సభ్యురాలు కదండీ. ఆవిడ లేకపోతే ముగ్గురవరు."

"లెక్క నిమిత్తము సభ్యురాలే. నివాసము నిమిత్తము కాదు."

నర్సమ్మ గారు కళ్ళజోడు తీశారు. ముప్పై మూడేళ్ళు డాక్టర్ల చేతిరాత చదివిన మనిషి ఆవిడ. "అంటే ఇక్కడ తినొచ్చు గానీ, పడుకోకూడదు."

"సరిగ్గా గ్రహించితిరి," అన్నారు పట్టాభి గారు, ఆ ఇంట్లో మొదటిసారి ఒకరు తనను అర్థం చేసుకున్నందుకు నిజంగా సంతోషిస్తూ.

ఏడు రోజుల్లో మంచం తీసేయాలని నోటీసు ఇచ్చారు. ఏడో రోజుకు ఇంకో విశేషం ఉంది. జిల్లా మొత్తం మీద ఆదర్శ సంస్థగా మా సంస్థనే ఎంపిక చేశారు. ఆ రోజు ప్రాంతీయ సంచాలకులు గారు స్వయంగా వచ్చి ఫలకం ఆవిష్కరిస్తారు. అదే రోజు నా ప్రొబేషను కాగితం మీద సంతకం కూడా అవుతుందని పట్టాభి గారు కారు ఎక్కుతూ చెప్పారు.

మర్నాడు సాయంత్రం ఆఫీసు అయ్యాక నర్సమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. సంస్థను ఎత్తేయమని యజమాని అర్జీ పెట్టుకోవచ్చు, కానీ అలా పెట్టుకుంటే మాఫీ చేసిన పన్నంతా నూటికి పద్దెనిమిది వడ్డీతో వెంటనే కట్టాలి. అది నాలుగో పేజీ. అదే చెప్పాను. ఎక్కడికి వెళ్తారని అడిగాను.

"నాకెక్కడుంది బాబూ? అక్క కూతురు దగ్గర ఒకే గది. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇప్పుడు నేను హాస్టల్లో చేరాలా?" అన్నారు. "నువ్వు చదువుకున్నావు కదా. ఆ కాగితం మొత్తం ఒకసారి చదువు. నువ్వెప్పుడూ కొసదాకా చదవలేదేమో అని నా అనుమానం."

నిజమే. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. వంటింట్లో భద్రం గారి నీళ్ళు మరుగుతున్నాయి. లోపల గదిలో మిషను టకటకా కొడుతోంది. ఆరో పేజీలో, పద్నాలుగో అంశం దగ్గర ఆవిడ చెయ్యి ఎత్తారు.

"అది మళ్ళీ చదువు."

"'ఒకే పొయ్యిపై వండుకొను సభ్యుల సంఖ్య మూడుకన్న తగ్గిన దినమున సంస్థ దానంతటదే రద్దయినట్లు భావించవలెను. అట్టి రద్దునకు పాలకవర్గము బాధ్యత వహించి సంజాయిషీ ఇచ్చుకొనవలెను. పాలకవర్గమున ఓటుహక్కు లేనివారికి బాధ్యత ఉండదు. వారి నుండి మాఫీ సొమ్ము రాబట్టరాదు.'"

"ఓటు లేంది ఎవరికి?"

"మీకేనండి."

ఆవిడ పెరటి వైపు తిరిగారు. పాత బాత్రూము పడగొట్టిన ఇటుకలు గోడవారన పేర్చి ఉన్నాయి.

"బాబూ, మీ అమ్మ పెట్టిన ఇటుకలు ఎన్ని?"

"మూడండి."

ఎందుకడిగారో నాకు అప్పుడు తట్టలేదు. అమ్మ గురించి అడిగారు కదా అని, అమ్మ బాగానే ఉందండి అని చెప్పి వచ్చేశాను.

ఏడో రోజు సున్నంబట్టీ వీధిలో షామియానా వేశారు. భద్రం గారు పాత యూనిఫాం ఇస్త్రీ చేయించి వేసుకున్నారు. నూకరత్నం రిబ్బను కుట్టింది. మంచం ఇంకా వసారాలోనే ఉంది. దాన్ని వీధిలోకి తీసి పెట్టించమని పట్టాభి గారు నా చెవిలో చెప్పారు. అంతలో సంచాలకులు గారి కారు వచ్చేసింది. ఆవిడ పొడుగాటి మనిషి, తక్కువ మాట్లాడతారు. కార్యక్రమం ఏమిటంటే, ఆవిడ ముందు ఆ ఒకే పొయ్యి మీద కాచిన టీ తాగాలి. ఆ తర్వాత ఫలకం మీద తెర లాగాలి.

పట్టాభి గారు మైకు పట్టుకున్నారు. "మూడు భిన్న నేపథ్యముల వ్యక్తులు, ఒకే పొయ్యి, ఒకే సంస్థ. ఈ పొయ్యియే సామరస్యమునకు కేంద్రబిందువు."

అప్పుడు పొగ వచ్చింది. షామియానా కిందకి మెల్లగా, కొబ్బరాకులు కాలే పొగ.

"ఏమిటది?" అన్నారు సంచాలకులు గారు.

అందరం పెరట్లోకి వెళ్ళాం. నర్సమ్మ గారు మూడు ఇటుకల ముందు పీట వేసుకుని కూర్చుని, గొట్టంతో మంట ఊదుతున్నారు. మసి పట్టకుండా గిన్నెకు అడుగున మట్టి పూశారు. గిన్నెలో బియ్యం కుతకుతలాడుతున్నాయి. పక్కన చిన్న గిన్నెలో టీ. టైము పదిన్నర. టైంటేబులు ప్రకారం అది కార్యదర్శి వేళ.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నారు సంచాలకులు గారు.

"వేరు పడ్డానండి."

"ఎవరి నుంచి?"

"సంస్థ నుంచండి."

భద్రం గారు ముందుకొచ్చారు. "సిస్టరు గారూ, చెప్పా పెట్టకుండా ఇలా వేరు పడితే ఎలాగండీ? సంఖ్య పడిపోదూ? కనీసం నోటీసు ఇవ్వాలి కదండీ."

"మీరిచ్చిన వేళ అరగంటే భద్రం గారూ. ఇవి పాత బియ్యం. ముప్పావుగంట పట్టుద్ది," అన్నారు నర్సమ్మ గారు, మంట ఊదడం ఆపి. "సంస్థ పని ఆగకూడదు కదా అని ఇలా వచ్చేశాను."

పట్టాభి గారు ఇటుకల చుట్టూ ఒకసారి తిరిగారు. "ఇది పొయ్యి కాదు. ఇటుకల తాత్కాలిక అమరిక మాత్రమే."

"పొయ్యి అంటే ఏమిటో మన సర్క్యులరులో నిర్వచనం ఉందా?" అన్నారు సంచాలకులు గారు.

ఆయన ఆరు పేజీలూ తిరగేశారు. సంస్థకు ఉంది, సభ్యుడికి ఉంది, ఇసక బక్కెట్టుకు కొలతలతో సహా ఉంది. పొయ్యికి లేదు. అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ రాయలేదు.

"అయితే క్షేత్రస్థాయి నివేదికే ప్రమాణం," అన్నారావిడ. "పొయ్యిల పట్టీ ఎవరి దగ్గరుంది?"

నా దగ్గరే ఉంది. తీశాను. పట్టాభి గారు నా వైపు చూశారు. ఆయన చేతిలోని ఫైలులో పైనే నా ప్రొబేషను కాగితం ఉంది. నీలి రంగు ట్యాగు కూడా కట్టి ఉంది.

"లోవరాజూ, బాగుగా ఆలోచించి చెప్పుము. అది పొయ్యియేనా?"

నేను గిన్నె వైపు చూశాను. "అన్నం ఉడుకుతుందండి."

"నేను అడిగినది అన్నము గురించి కాదు."

"అన్నం ఉడికితే పొయ్యే అండి. మా ఇంట్లో వీఆర్వో గారు అలాగే రాశారు." పెన్ను మూత తీశాను. కళ్ళెదురుగా ఉన్నవి రెండు. పట్టీలో 'పొయ్యిల సంఖ్య' అన్న గడిలో రెండు అని రాసి, అక్షరాల్లో కూడా రాసి, సంతకం పెట్టాను.

సంచాలకులు గారు పట్టీ చూశారు. గడియారం చూశారు. "అయితే ఈ సంస్థ రద్దయింది కదా," అన్నారు. "రద్దయిన సంస్థకు ఫలకం ఎలా ఆవిష్కరిస్తాను?"

"రద్దు ఈ ఉదయమే సంభవించినది గనుక, నిన్నటి తేదీతో ఆవిష్కరించినచో..." అన్నారు పట్టాభి గారు.

సంచాలకులు గారు అప్పటికే ఇంకో పీట లాక్కుని కూర్చున్నారు. "టీ అయితే తాగుతాను. ఇది కార్యక్రమంలో ఉంది కదా."

నర్సమ్మ గారు గ్లాసు అందించారు. తనకూ ఒక గ్లాసు పోసుకున్నారు. షామియానా కట్టినవాళ్ళు విప్పడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నానికి కుట్టు మిషను నూకరత్నం గదిలోకి, ఇనుప మంచం వెనక గదిలోకి వెళ్ళాయి. మోసింది మళ్ళీ నేనూ, నూకరత్నమూ.

"నాకు ముందే తెలుసండి నర్సమ్మ గారూ, ఈ సంస్థలూ గింస్థలూ నిలబడవని," అంది నూకరత్నం, మంచం కోడు పట్టుకుని. "మెత్తళ్ళు ఆ బయటి పొయ్యి మీద వండుకోనా? కంపు అంటున్నారు కదా పాపం పెద్దాయన."

"వండుకో. మూడు వేలు ఒకటో తారీఖునే ఇవ్వాలి," అన్నారు నర్సమ్మ గారు.

"మూడు వేలే?"

"రద్దయిన సంస్థకు తీర్మానాలు ఉండవమ్మా."

భద్రం గారికి పదో రోజున నోటీసు వచ్చింది. 'అధ్యక్షులుగా ఉండి సభ్యురాలు వేరు పడుటకు దారితీసిన పరిస్థితులపై సంజాయిషీ ఇచ్చుకొనవలెను' అని. జన్మలో ఎన్నో నోటీసులు ఇచ్చిన మనిషి, పుచ్చుకోవడం ఇదే మొదలట. సంజాయిషీకి జతగా ఒక కాగితం కావాలి. సభ్యురాలు తన ఇష్టప్రకారమే వేరు పడిందని ఆమె సంతకంతో. నర్సమ్మ గారు కాదనలేదు. పాత ఏడు నెలల అద్దె బకాయి ముట్టాక పెడతానన్నారు. ఆయన ఐదు నెలలది ఇచ్చారు. మిగతా రెండు నెలలదీ ఎలా సర్దాలా అని నన్ను సలహా అడిగారు. సలహాల పెట్టెలో వేయండి, ఇంకా అక్కడే ఉందన్నాను. పరిహాసానికి అన్న మాట కాదు. పెట్టె నిజంగానే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే పాలకవర్గం తీర్మానం కావాలి.

పన్ను ఫైలు సంగతీ అంతే. ఇళ్ళ విభాగం నుంచి సంస్థల విభాగానికి వెళ్ళిన ఫైలు తిరిగి ఇళ్ళ విభాగానికి రావాలంటే సంస్థ ముద్ర ఉండాలి. ముద్ర రద్దయింది. కాబట్టి ఆ ఇల్లు ప్రస్తుతం మా పుస్తకాల్లో ఇల్లూ కాదు, సంస్థా కాదు. ఈ సంవత్సరం పన్ను కడతానని నర్సమ్మ గారు రెండుసార్లు వచ్చారు. ఏ కౌంటరులోనూ తీసుకోలేదు.

నా ప్రొబేషను ఒక సంవత్సరం పొడిగించారు. కారణం: పొయ్యిలు రెండు కానున్నవని ముందుగా పసిగట్టి నివేదించకపోవుట. నాన్నకు ఫోనులో చెప్పాను. "ఉన్నయ్యి రెండేనా?" అన్నాడు. రెండే అన్నాను. "మరింకేంటి," అని పెట్టేశాడు.

ఇప్పుడు కొత్త ఉత్తర్వు ప్రకారం నెలనెలా ఒకటో తారీఖున నేను ఆ ఇంటికి వెళ్ళి, రెండో పొయ్యి నిజంగా వెలుగుతోందో లేదో చూసి రాయాలి. రెండు మూడు రోజులు వెలగకపోతే సంస్థ మళ్ళీ పుట్టినట్టు భావిస్తారట. నేను పొద్దున్న ఆరింటికే వెళ్తాను. నర్సమ్మ గారు అప్పటికే ఇటుకల ముందు పీట వేసుకుని ఉంటారు. వంటింట్లోంచి భద్రం గారి నీళ్ళ చప్పుడు వినిపిస్తుంటుంది. ఆవిడ నాకు గ్లాసు ఇచ్చి, తనదీ తీసుకుంటారు.

పోయిన నెల ఫారంలో చివరి గడి, 'తనిఖీ చేసినవారి వ్యాఖ్య'లో, ఉన్నది ఉన్నట్టు రాశాను. పొయ్యి వెలుగుతున్నది. టీ బాగున్నది.

వారానికి పట్టాభి గారి దగ్గర్నుంచి తాఖీదు వచ్చింది. టీ బాగున్నది అను వ్యాఖ్యకు ఆధారము జతపరచి తిరిగి పంపవలెను.

ఈ నెల నర్సమ్మ గారు ఫ్లాస్కులో పోసి ఇచ్చారు. ఫారానికి కట్టి, ఇన్వార్డు నంబరు వేయించి, చల్లారకముందే పంపాను.